48 సంవత్సరాల ప్రవాసం, అవిచ్ఛిన్న కైంకర్యం: శ్రీరంగనాథుని సేవించిన ధీరుల గాథ

భగవత్కైంకర్యం అనగానే మన మనస్సున మెదిలే దృశ్యం ప్రశాంతమైనది. సుప్రభాతవేళ తెరచుకునే ద్వారాలు, తులసీదామాల పరిమళం, వేదపారాయణఘోష, నియతకాలంలో జరిగే ఆరాధన. ఆ ప్రశాంతి లభించినవారు ధన్యులే. కానీ ద్వారాలు బ్రద్దలైననాడు, పూజాద్రవ్యాలు దొరకనినాడు, స్వామి పేరు చెప్పుకొనుటే ప్రాణసంకటమైననాడు కైంకర్యం ఏ రూపం ధరిస్తుంది? సేవకుని శేషత్వం అనుకూలకాలానికి మాత్రమే పరిమితమా? ఈ ప్రశ్నకు సమాధానం సిద్ధాంతగ్రంథాలలోనే కాక చరిత్రలో కూడా లిఖితమై ఉన్నది. క్రీస్తుశకం 1323 నుండి 1371 వరకు శ్రీరంగక్షేత్రం అనుభవించిన విపత్తు, ఆ కాలమంతా స్వామిని విడువని భాగవతుల వృత్తాంతం అటువంటి సమాధానమే.

ఈ వృత్తాంతానికి ఆధారాలు మూడు విధములు. శ్రీరంగాలయప్రాకారంపై నేటికీ ఉన్న సంస్కృతశిలాశాసనం ఒకటి. విజయనగర రాజకుమారుడైన కంపరాయల పత్ని గంగాదేవి రచించిన మధురావిజయకావ్యం రెండవది. ఆలయచరిత్రగ్రంథమైన కోయిలొళుగు, గురుపరంపరాప్రభావాలు మూడవవి. శాసనం చెప్పినది సంవత్సరంతో సహా నిశ్చితం. సంప్రదాయగ్రంథాలు చెప్పినవి భక్తులు తరతరాలుగా హృదయంలో నిలుపుకొన్న విషయాలు. ఈ రెండింటినీ కలగాపులగం చేయక, ఏది ఎక్కడిదో సూచిస్తూ ముందుకు సాగుదాం.

విపత్తుకు పూర్వం

ఉభయకావేరీమధ్యంలో, అనగా కావేరికీ కొల్లిడానికీ నడుమ ఏర్పడిన ద్వీపంలో, సప్తప్రాకారాల నడుమ శేషశయనుడై శ్రీరంగనాథుడు వేంచేసి ఉన్నాడు. శ్రీవైష్ణవులకు ‘కోయిల్’ అనగా శ్రీరంగమే. మూలవిరాట్టు కదలని శయనమూర్తి. ఉత్సవాలకు, తిరువీధులకు వేంచేసే మూర్తి అళగియమణవాళర్. ఆ స్వామికే నేడు నంపెరుమాళ్ అని ప్రసిద్ధి. ఆ పేరు ఎట్లు వచ్చినదో ఈ కథ చివర తెలుస్తుంది.

భగవద్రామానుజులు ఈ ఆలయనిర్వహణను ఒక సుదృఢవ్యవస్థగా తీర్చిదిద్దారని కోయిలొళుగు వర్ణిస్తుంది. అర్చకులు, పరిచారకులు, వేదపారాయణపరులు, దివ్యప్రబంధగాయకులు, మాలాకారులు, తిరుపరివట్టాలను ఉతికే రజకులు, ఇట్లు ప్రతి ఒక్కరికీ ఒక కైంకర్యం నియతమై ఉండేది. ఏ సేవా చిన్నది కాదు, ఏ సేవకుడూ అనవసరుడు కాడు. విపత్కాలంలో శ్రీరంగాన్ని నిలబెట్టినది ఈ భావనే.

1323: ఒకే సైన్యం, రెండు రాజ్యాలు

1311లో మాలిక్ కాఫూరు దక్షిణదండయాత్ర సందర్భంలో శ్రీరంగం తొలిదెబ్బ తిన్నది. ఆ గాయం మానకముందే 12 ఏండ్లకు మరొక ప్రళయం సంభవించింది. ఢిల్లీసుల్తాను గియాసుద్దీన్ తుగ్లకు కుమారుడు ఉలుఘ్ ఖాన్, తరువాతి కాలంలో మహమ్మద్ బిన్ తుగ్లక్‌గా ప్రసిద్ధుడైనవాడు, 1323లో ఓరుగల్లును జయించాడు. కాకతీయ ప్రతాపరుద్రచక్రవర్తి బందీ అయినాడు. ఢిల్లీకి తరలిస్తుండగా నర్మదాతీరాన ఆయన తనువు చాలించినట్లు ముసునూరి ప్రోలయనాయకుని విలసతామ్రశాసనం పేర్కొంటున్నది. అదే దండయాత్ర దక్షిణంగా సాగి పాండ్యమండలాన్ని ముంచెత్తింది. తెలుగువారు ఈ గాథను పరప్రాంతకథగా చదువనక్కరలేదు. ఓరుగంటికోటను కూల్చిన సైన్యమే శ్రీరంగద్వారాలను తట్టింది.

సైన్యం సమీపిస్తున్నదన్న వార్త అందునప్పటికి శ్రీరంగంలో ఉత్సవం జరుగుతున్నదని పారంపర్యకథనం. వేలాది భక్తులు స్వామిసన్నిధిలో ఉన్నారు. ఆయుధబలం లేదు. రాజు లేడు. సమయం అత్యల్పం. అట్టి స్థితిలో ఆ క్షేత్రవాసులు తీసుకొన్న నిర్ణయాలను పరిశీలించండి.

కదల్చుటకు వీలులేని మూలమూర్తి ముందు రాతిగోడ కట్టి గర్భాలయాన్ని మరుగుపరచారు. శ్రీరంగనాయకీదేవి మూర్తిని బిల్వవృక్షం క్రింద భూగర్భంలో నిక్షిప్తం చేశారు. ఉత్సవమూర్తిని ఉభయనాచ్చియార్లతో పల్లకీలో ఉంచి, కొద్దిమంది పరిజనంతో దక్షిణదిశగా తరలించారు. మిగిలినవారు అక్కడే ఉండిపోయారు. ఎందుకు? అందరూ పారిపోతే శత్రువు వెంబడించి పల్లకీని పట్టుకొంటాడు. నిలిచినవారు తమ దేహాలతో స్వామికి కొన్ని గడియల వ్యవధిని కొని ఇచ్చారు. ఆనాడు 12,000 మంది శ్రీవైష్ణవులు హతులైనారని కోయిలొళుగు చెబుతుంది. సంఖ్య ఎంతైనను, ఆ మహాబలిదానస్మృతి శ్రీరంగవాసుల హృదయాల నుండి నేటికీ చెరగలేదు.

వృద్ధాచార్యుని చివరి యాత్ర

పల్లకీతో బయలుదేరిన బృందానికి నాయకుడు పిళ్ళైలోకాచార్యులు. శ్రీవచనభూషణం, ముముక్షుప్పడి, తత్త్వత్రయం మొదలైన 18 రహస్యగ్రంథాలను అనుగ్రహించిన మహాచార్యులు. సంప్రదాయగణన ప్రకారం అప్పటికి వారి వయస్సు 118 వత్సరాలు. ఆ గణనను పక్కనపెట్టినా అత్యంతవార్ధక్యంలో ఉన్నారన్నది గురుపరంపరాగ్రంథాల ఏకాభిప్రాయం.

వారి ఉపదేశసారాన్ని ఇక్కడ స్మరించుట ఆవశ్యకం. ఈశ్వరుడే ఉపాయం, ఈశ్వరుడే ఉపేయం, జీవుడు తనను తాను రక్షించుకొనే భారాన్ని మోయనక్కరలేదు అన్నది లోకాచార్యులు జీవితమంతా బోధించిన సిద్ధాంతం. అట్టి ఆచార్యుడు ‘రక్షకుడు స్వామియే కదా, ఆయనను మనం రక్షించుట ఏమిటి’ అని కూర్చుండవచ్చును. కూర్చుండలేదు. లేవలేని వయస్సులో లేచి, అడవిదారిలో పల్లకీ వెంట నడిచారు. ఎందుచేత? స్వరక్షణభారాన్ని స్వామిపై ఉంచిన ప్రపన్నునికి తన విషయమై భయం మిగలదు. భయం తొలగిన చోట మిగిలేది స్వామిపై ప్రేమ ఒక్కటే. ఆ ప్రేమ స్వామి సర్వశక్తుడని తెలిసికూడా ఆయనకు ఎండ తగులునేమో, ముల్లు గుచ్చుకొనునేమో అని కలత చెందుతుంది. పెద్దలు ‘పొంగుం పరివు’ అని పేర్కొనే మంగళాశాసనభావం ఇదే. స్వామి బలవంతుడన్న జ్ఞానం, స్వామికి ఏమగునో అన్న ఆర్తి, ఈ రెండూ ఒకే హృదయంలో పరస్పరవిరోధం లేక నిలువగలవని ఆ యాత్ర నిరూపించింది.

అరణ్యమార్గంలో దొంగలు అడ్డగించి స్వామి తిరువాభరణాలను దోచుకొన్నారనీ, లోకాచార్యులు తమవద్ద ఉన్నదంతా నిస్సంకోచంగా ఇచ్చివేశారనీ కథనం. వారికి కావలసినది స్వామి ఒక్కడే. మధురాసమీపాన ఆనైమలై చెంత ఉన్న జ్యోతిష్కుడి అనే గ్రామాన్ని చేరి, అక్కడ ఒక మరుగైన స్థలంలో స్వామికి ఆరాధన జరిపిస్తూ, లోకాచార్యులు పరమపదించారు. శ్రీరంగానికి స్వామి తిరిగివెళ్ళుటను వారు చూడలేదు. చూడగలనన్న నమ్మకంతో వారు బయలుదేరనూ లేదు.

అంత్యకాలంలో వారు ఒక బాధ్యతను శిష్యుడైన కూరకులోత్తమదాసర్‌కు అప్పగించారు. తిరుమలై ఆళ్వార్ అనే ప్రతిభాశాలి అప్పటికి మధురలో రాజకార్యనిర్వహణలో మునిగి ఉన్నాడు. అతనిని తిరిగి సంప్రదాయవిద్యలోకి తీసుకొనిరమ్మని ఆచార్యుల ఆజ్ఞ. దాసర్ ఓపికతో ఆ పని నెరవేర్చాడు. ఆ తిరుమలై ఆళ్వారే తరువాత తిరువాయ్‌మొళిప్పిళ్ళైగా ప్రఖ్యాతుడై, 1370లో అవతరించిన మణవాళమామునులకు గురువైనాడు. మూర్తిని మోసిన చేతులే విద్యాపరంపరను కూడా మోశాయి. మృత్యుశయ్యపై ఉన్న ఆచార్యుడు తన పరాజయాన్ని గూర్చి విలపించలేదు. రాబోవు తరానికి బోధకుడెవరని ఆలోచించారు.

గ్రంథాన్ని రక్షించిన మహనీయుడు

అదే రాత్రి శ్రీరంగంలో మరొక కైంకర్యం జరిగింది. శ్రీభాష్యానికి శ్రుతప్రకాశిక అనే మహావ్యాఖ్యను రచించిన సుదర్శనసూరి అప్పటికి వయోవృద్ధులు. నడాదూర్ అమ్మాళ్ అని ప్రసిద్ధులైన వాత్స్యవరదాచార్యుల సన్నిధిలో తాము విన్న అర్థాలను ప్రకాశింపజేసినందున ఆ వ్యాఖ్యకు ఆ నామం. తాము బ్రతుకరని గ్రహించిన సూరి, తమ తాళపత్రగ్రంథాన్నీ తమ ఇరువురు పుత్రులనూ వేదాంతదేశికులకు అప్పగించారు. పుత్రులను అప్పగించుట లోకసహజం. పుత్రులతో సమానంగా గ్రంథాన్ని అప్పగించుటలో ఆ మహనీయుని హృదయం కనిపిస్తుంది.

దేశికుల అవతారం 1268లో. అప్పటికి వారి వయస్సు 55. కవితార్కికసింహ, సర్వతంత్రస్వతంత్ర బిరుదాంకితులైన ఆ పండితాగ్రేసరులు ఆ రాత్రి శవరాశుల నడుమ బాలురతో, గ్రంథంతో కదలక మెదలక పడియుండి ప్రాణాలు దక్కించుకొన్నారని సంప్రదాయం. సైన్యం మరలిన తరువాత కన్నడదేశం చేరి, కావేరీతీరాన కొళ్ళేగాలసమీపమందున్న సత్యాగాలంలోను, తిరునారాయణపురంలోను కాలం గడిపారు. నేడు శ్రీభాష్యాన్ని శ్రుతప్రకాశికతో అధ్యయనం చేసే ప్రతి విద్యార్థీ ఆ రాత్రికి ఋణపడి ఉన్నాడు.

ప్రాణాలర్పించుట మాత్రమే ధైర్యమని తలచేవారు ఇక్కడ క్షణకాలం ఆగి ఆలోచించాలి. ఆ రాత్రి మరణించుట దేశికులకు సులభం. బ్రతికియుండుట కష్టం. కైంకర్యం ఏది కోరితే దానిని ఇచ్చుటే ధైర్యం. కొందరిని అది ప్రాణాలు అడిగింది. దేశికులను అది ప్రాణాలు నిలుపుకొమ్మని అడిగింది. ప్రవాసంలోనే దేశికులు అభీతిస్తవాన్ని రచించారు. భయాన్ని తొలగించమని, శ్రీరంగంలో నిర్భయంగా నివసించే భాగ్యాన్ని తిరిగి ప్రసాదించమని ఆ స్తోత్రం స్వామిని ప్రార్థిస్తుంది. తమకు భయం లేదని దేశికులు చెప్పుకొనలేదు. భయాన్ని స్వామి పాదాల చెంత నివేదించారు. విపత్తులో ఉన్న సాధకునికి ఇంతకంటె ఆశ్వాసకరమైన ఉపదేశం దుర్లభం.

కొండలలో, లోయలలో

పల్లకీ ముందుకు సాగింది. జ్యోతిష్కుడి తరువాత తిరుమాలిరుంచోలై, అక్కడినుండి పశ్చిమంగా కేరళదేశంలోని కోళికోడు, అనంతరం కన్నడసీమలోని తిరుక్కణాంబి, తిరునారాయణపురం, చివరకు తిరుమల అని కోయిలొళుగు ఈ ప్రయాణక్రమాన్ని సూచిస్తుంది. ఒక్కొక్క చోట కొంతకాలం మజిలీ. ప్రమాదం సమీపిస్తే మరల ప్రయాణం. నిత్యోత్సవ, పక్షోత్సవ, మాసోత్సవాలతో విరాజిల్లిన స్వామికి ఇప్పుడు లభించినది ఒక చెట్టునీడ, ఒక చెంబు నీరు, అడవిలో దొరికిన పుష్పం. అయినను ఆరాధన ఆగలేదు.

శ్రీరంగనాథునికి ఆశ్రయమిచ్చిన తిరుమల తెలుగువారి హృదయస్థానం. శ్రీవేంకటేశ్వరస్వామి ఆలయంలో ప్రవేశించిన భక్తులు చూసే రంగనాయకులమండపానికి ఆ పేరు, ప్రవాసకాలంలో శ్రీరంగనాథుని ఉత్సవమూర్తి అక్కడ వేంచేసి ఆరాధనలందుకొన్నందున వచ్చినదని ఆలయసంప్రదాయం. నేడు ఆ మండపం మీదుగా సాగిపోయే లక్షలాది యాత్రికులలో ఈ వృత్తాంతం తెలిసినవారు కొందరే. ఇకపై అటు వెళ్ళినప్పుడు ఒక క్షణం ఆ ప్రవాసియైన స్వామిని, ఆయనను అక్కడికి చేర్చిన అజ్ఞాతభక్తులను స్మరించుదురుగాక.

తిరుమలప్రాంతంలో కూడా సర్వకాలం క్షేమం లేదు. ఇక్కడ కోయిలొళుగు ఒక మర్మస్పర్శియైన ఘట్టాన్ని చెబుతుంది. పరిజనం ఒక్కరొక్కరుగా తగ్గిపోగా, చివరకు పరస్పరబంధువులైన ముగ్గురు మాత్రమే మిగిలారట. మేనమామ, మేనల్లుడు, వారి సమీపబంధువు. వారు స్వామితో కొండలోయలో ఒక దుర్గమస్థలంలో దాగి, కందమూలాలతో జీవిస్తూ ఏండ్ల తరబడి సేవించారు. ఒకరు మరణించారు, తరువాత మరొకరు. మూడవవాడు ఏకాకియై వార్ధక్యం వరకు స్వామిని విడువలేదు.

ఆ మూడవవాని స్థితిని ఊహించండి. శ్రీరంగంలో ఏమి జరుగుతున్నదో వార్త లేదు. తన తరువాత స్వామిని చూచుకొనేవాడు లేడు. తాను చేస్తున్న సేవకు సాక్షి లేడు. వేయిమంది చూస్తుండగా ఛత్రచామరాలు పట్టుట సులభం. ఎవరూ చూడని లోయలో, రేపు ఏమగునో తెలియక, ఈనాటి తిరువారాధనను లోపం లేక చేయుట భక్తికి పరాకాష్ఠ. అతనికి ‘ఫలితం’ అనే పదానికి అర్థం లేదు. సేవయే అతనికి ఫలం.

శ్రీరంగంలో నిలిచినవారు

స్వామి వెళ్ళిన తరువాత శ్రీరంగంలో మిగిలినవారి సేవ మరొక రకమైనది. ఆలయనర్తకియైన వెళ్ళాయి శత్రుసేనానిని మాటలతో, నాట్యంతో కాలయాపన చేయించి, తుదకు తూర్పుగోపురంపైకి కొనిపోయి క్రిందికి త్రోసి, తానూ ప్రాణత్యాగం చేసినదని క్షేత్రకథ. ఆ గోపురాన్ని నేటికీ వెళ్ళైగోపురమని వ్యవహరిస్తారు.

సింగప్పిరాన్ అనే ఆలయాధికారి మార్గం వేరు. ఆయన స్థానికసేనాని కొలువులో చేరి, అతని విశ్వాసం పొంది, ఆలయానికీ ప్రజలకూ కలుగబోయే హాని తగ్గించడానికి నిరంతరం యత్నించాడు. సేనాని తన నివాసాన్ని శ్రీరంగం నుండి సమీపంలోని కణ్ణనూరుకు మార్చుకొనడంలోను, తరువాతి కాలంలో విజయనగరసేనానికి సమాచారం అందించడంలోను ఆయన పాత్ర ఉన్నదని కోయిలొళుగు చెబుతుంది. అట్టివాని జీవితం ఎంత క్లిష్టమో చెప్పనలవి కాదు. స్వజనం అతనిని ద్రోహి అనుకొనవచ్చు. ప్రభువు అతనిని అనుమానించవచ్చు. కీర్తి లేని సేవ అది. కానీ ఆయనవంటివారు లేకున్న తిరిగివచ్చిన స్వామికి నిలుచుటకు ఆలయం మిగిలేదా అన్నది ఆలోచించదగినది.

ఈలోగా దక్షిణదేశరాజకీయం మారింది. మధురలో ఢిల్లీప్రతినిధియైన జలాలుద్దీన్ అహ్సన్ స్వతంత్రుడై సుల్తానుగా ప్రకటించుకొన్నాడు. వారితో పోరాడిన హొయ్సళ వీరబల్లాళుడు వార్ధక్యంలో బందీయై హతుడైనాడు. మధురాసుల్తానుల బంధువే ఐన యాత్రికుడు ఇబ్న్ బతూతా, అప్పటి సుల్తాను గియాసుద్దీన్ ప్రజలపై జరిపిన క్రౌర్యాన్ని స్వయంగా చూచి తన గ్రంథంలో ఏవగింపుతో వ్రాశాడు. కావున ఆనాటి బాధలు కేవలం భక్తుల అతిశయోక్తులు కావని గ్రహించాలి.

పునరాగమనం

విజయనగరస్థాపన అనంతరం బుక్కరాయల కుమారుడైన వీరకంపరాయలు దక్షిణజైత్రయాత్ర చేసి మధురాసుల్తానును ఓడించాడు. ఆ విజయాన్ని ఆయన పత్ని గంగాదేవి మధురావిజయమనే సంస్కృతమహాకావ్యంగా రచించింది. కావ్యారంభంలో పూర్వకవులను స్తుతిస్తూ మన తిక్కనను కూడా ఆమె కీర్తించుట తెలుగువారికి గర్వకారణం. పాడుబడిన ఆలయాల దైన్యాన్ని, శ్రీరంగంలో యోగనిద్రలో ఉన్న స్వామిపై శిథిలమైన ఇటుకలు పడకుండ ఆదిశేషుడు పడగలతో అడ్డుకొనే స్థితిని ఆమె చిత్రించిన తీరు కరుణరసపూర్ణం. శతాబ్దాలపాటు మరుగునపడిన ఆ కావ్యం 1916లో తిరువనంతపురంలో లభించి మరల వెలుగుచూసింది.

కంపరాయల సేనానులలో గోపణార్యుడు బ్రాహ్మణుడు, చెంజిదుర్గంలో అధికారి. తిరుమలలో ఉన్న స్వామి వృత్తాంతం తెలిసి, ఆయనను చెంజిప్రాంతానికి వేంచేయించి, అక్కడ కొంతకాలం ఆరాధించాడు. చెంజిసమీపాన సింగవరం కొండలోని రంగనాథసన్నిధి ఆ స్మృతిని నేటికీ నిలిపి ఉన్నది. శ్రీరంగం శత్రువిముక్తమైన తరువాత స్వామిని ఉభయనాచ్చియార్లతో సహా యథాస్థానంలో ప్రతిష్ఠించాడు. శ్రీరంగశాసనం ఈ విషయాలనే చెబుతున్నది: అంజనాద్రి నుండి తెచ్చుట, చెంజిలో ఆరాధించుట, తురుష్కులను జయించుట, లక్ష్మీభూదేవులతో స్వామిని స్వనగరంలో పునఃప్రతిష్ఠించుట. ఆ శ్లోకాలు వేదాంతదేశికులవేనని సంప్రదాయం.

శాసనం సంవత్సరాన్ని ‘బంధుప్రియే’ అనే పదంతో సూచించింది. కటపయాదిసంఖ్యాపద్ధతిలో బ-కారానికి 3, ధ-కారానికి 9, ర-కారానికి 2, య-కారానికి 1. అంకాలను వామగతిని చదివితే శకవర్షం 1293, అనగా క్రీస్తుశకం 1371. బంధువులకు ప్రియమైన సంవత్సరమన్న అర్థం కూడా ఎంత సముచితం! 48 సంవత్సరాల తరువాత బంధువు ఇంటికి తిరిగివచ్చాడు. ఈ దక్షిణవిజయంలో పాల్గొన్న సాళువ మంగు శ్రీరంగోద్ధరణలో భాగస్వామియైనట్లు సాళువవంశకీర్తనపరమైన గ్రంథాలు తెలుపుతున్నవి. పిల్లలమఱ్ఱి పినవీరభద్రుని జైమినిభారతం అంకితమందుకొన్న సాళువ నరసింహరాయలు ఆ వంశీయుడే.

ప్రమాణం ఎవరు?

స్వామి తిరిగివచ్చినా ఒక చిక్కు మిగిలింది. ఆయన లేని కాలంలో శ్రీరంగంలో వేరొక ఉత్సవమూర్తిని ప్రతిష్ఠించి ఆరాధిస్తున్నారు. 48 ఏండ్లలో ఒక తరం గతించింది. వచ్చిన మూర్తియే పూర్వపు అళగియమణవాళర్ అని నిర్ధారించగలవారు ఎవరు? పండితులు కాదు, సేనానులు కాదు. ఒక వృద్ధరజకుడు మిగిలి ఉన్నాడు. స్వామి తిరుమంజనానంతరం తడిసిన వస్త్రాలను ఉతికే ఈరంకొల్లి. వార్ధక్యంచేత అతనికి చూపు పోయింది. కానీ స్వామి ఈరవాడై, అనగా తడివస్త్రం, నుండి పిండిన తీర్థాన్ని స్వీకరించుట అతనికి నిత్యానుభవం. రెండు మూర్తులకూ తిరుమంజనం చేయించి, ఆ తీర్థాలను అతనికి ఇచ్చారు. వచ్చిన మూర్తి తీర్థాన్ని ఆస్వాదించి, అతడు పరవశుడై ‘ఈయనే నంపెరుమాళ్’, అనగా ‘మన పెరుమాళ్’ అన్నాడట. ఆ రజకుడు పలికిన పేరే స్వామికి శాశ్వతనామమైనది.

ఏ జన్మలో పుట్టిన భాగవతుడైనను అతని జన్మను విచారించుట మహాపరాధమని శ్రీవచనభూషణంలో లోకాచార్యులు దృఢంగా బోధించారు. స్వామి పునరాగమనవేళ ఆ బోధ ప్రత్యక్షమైనది. శాస్త్రం నిర్ణయించలేని విషయాన్ని సేవానుభవం నిర్ణయించింది. నిత్యం నిష్ఠగా చేసిన చిన్నసేవ జ్ఞానంగా పరిణమిస్తుందని ఈ ఘట్టం చెబుతున్నది.

మననీయాంశాలు

ఈ గాథలో ఎందరి కైంకర్యం ఎన్ని రూపాలు ధరించిందో చూడండి. ఒకరు పల్లకీ వెంట నడిచారు, ఒకరు గ్రంథాన్ని మోశారు, కొందరు ప్రాణాలిచ్చారు, ఒకరు శత్రువు కొలువులో సహించారు, ఒకరు లోయలో ఒంటరిగా సేవించారు, ఒకరు ఖడ్గం ధరించారు, ఒకరు తీర్థం రుచిని మరువక జ్ఞాపకముంచుకొన్నారు. వీరిలో ఏ ఒక్కరు తప్పుకొన్నా ఈ గొలుసు తెగిపోయేది. విచిత్రమేమనగా, వీరిలో ఎవరికీ గొలుసు సంపూర్ణంగా కనిపించలేదు. తన చేతిలోని ఒక్క కడియను జారవిడువక పట్టుకొనుటయే ప్రతి ఒక్కరూ చేసినది.

అర్చావతారతత్త్వం కూడా ఇక్కడ స్ఫుటమవుతున్నది. పరవ్యూహవిభవాంతర్యామిరూపాలలో స్వామి స్వతంత్రుడు. అర్చారూపంలో మాత్రం ఆయన భక్తపరాధీనుడు. భక్తుడు స్నానం చేయిస్తే చేస్తాడు, నిలిపిన చోట నిలుస్తాడు, ఎత్తుకొనిపోతే వెంట వస్తాడు. ఆ పారతంత్ర్యాన్ని స్వామి స్వేచ్ఛగా స్వీకరించినది మనకు సేవించే అవకాశమిచ్చుటకే. సర్వరక్షకుడు తనను రక్షించే భాగ్యాన్ని జీవునికి ప్రసాదించుట సౌలభ్యానికి తుది మెట్టు. ఆ ముగ్గురు బంధువులు లోయలో స్వామిని దాచారా, లేక స్వామియే వారిని తన ఒడిలో దాచుకొన్నాడా? రెండూ నిజమే.

తరువాతి తరాలవారు లోకాచార్యులను తెన్‌కళైకి, దేశికులను వడకళైకి పరమాచార్యులుగా భావించి, మార్జారకిశోరన్యాయం, మర్కటకిశోరన్యాయం అంటూ వాదించుకొన్నారు. సిద్ధాంతచర్చ విద్వాంసులకు భూషణమే. కానీ 1323లో ఆ ఇరువురు ఒకే స్వామి కొరకు ఒకే విపత్తులో సర్వస్వం సమర్పించారు. ఒకరు మూర్తిని, ఒకరు భాష్యవ్యాఖ్యను. వాదం శ్రుతి మించినప్పుడు ఆ సంవత్సరాన్ని స్మరించుట అందరికీ శ్రేయస్కరం.

మరొక విషయం. ఈ చరిత్రను ద్వేషానికి ఇంధనంగా వాడుకొనేవారు ఉండవచ్చు. శ్రీరంగక్షేత్రం అట్లు వాడుకొనలేదు. స్వామిపై ప్రేమతో ఢిల్లీ నుండి వెంబడించి వచ్చి, ఆయనలో లీనమైనదని చెప్పబడే తురుష్కరాజపుత్రికకు తులుక్కనాచ్చియార్ అనే పేరిట ఆ ఆలయంలోనే సన్నిధి ఉన్నది. ఆమె ఆహారరీతిని గౌరవించి స్వామికి గోధుమరొట్టె నివేదన నేటికీ జరుగుతున్నది. ఇంతటి గాయం తిన్న ఆలయం ఆ జాతికే చెందిన ఒక భక్తురాలికి స్వామి పార్శ్వంలో చోటిచ్చింది. గాయాన్ని జ్ఞాపకముంచుకొని ద్వేషాన్ని మాత్రం విడిచిపెట్టుట శరణాగతి నేర్పే మహావిద్య.

మన కాలంలో ద్వారాలు బ్రద్దలు చేసే సైన్యాలు లేకపోవచ్చు. వ్యాధి, దారిద్ర్యం, ఆత్మీయవియోగం, పరదేశవాసం, పరిహాసం, అన్నిటికంటె మించి మన నిరుత్సాహం, ఇవి మన ఆరాధనను ఆపదలచే శక్తులు. నియమంగా జరిగిన నిత్యపూజ ఆస్పత్రిమంచంపై సాధ్యం కాకపోవచ్చు. గుడి లేని ఊరిలో బ్రతుకవలసి రావచ్చు. అప్పుడు ‘పరిస్థితి చక్కబడిన తరువాత సేవిస్తాను’ అనుకొనుట సహజం. కానీ లోయలోని ఆ వృద్ధునికి పరిస్థితి దశాబ్దాలపాటు చక్కబడలేదు. అతడు ఎదురుచూస్తూ సేవ మానలేదు, సేవిస్తూ ఎదురుచూశాడు. ఉన్న నీటితో, ఉన్న పువ్వుతో, ఏదీ లేనినాడు నామంతో ఈనాటి సేవను ఈనాడే చేయుట మన వంతు. ఆ సేవ ఎప్పుడు ఎక్కడికి చేరుతుందో నిర్ణయించుట స్వామి వంతు.

జ్యోతిష్కుడిలో కన్నుమూసిన వృద్ధాచార్యునికి 1371 తెలియదు. అది తెలియకయే ఆయన 1371ను సాధ్యం చేశారు.

సర్వం శ్రీరంగనాథపరబ్రహ్మార్పణమస్తు.